లైట్లన్నీ ఒకేసారి వెలిగితే ముందు ఎర్త్ వైరు చూడండి

మీరు చెప్పింది ఇదీ: పాత డీజిల్ ట్రక్కు, కంప్యూటర్ ఉన్న కామన్ రైల్ ఇంజన్ (ఎక్కువ ప్రెజర్ ఉన్న ఒకే గొట్టం, అంటే రైల్, నుంచి ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ వెళ్లేది). లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ (ఇంజన్ తడబడటం) వస్తోంది. అదే సమయానికి ఇంజన్ లైటు, బ్యాటరీ లైటు, ఏబీఎస్ (బ్రేకుల) లైటు మూడూ వెలిగి, కాసేపటికి వాటంతట అవే ఆరిపోతున్నాయి. మెకానిక్ నాలుగు ఇంజెక్టర్లూ (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) మార్చమన్నాడు. మార్చాలా, వద్దా?

ఇప్పుడే వద్దండి. సరిగ్గా ఇదే గొడవతో నేను రెండు నెలలు తిరిగాను. డీజిల్ ఫిల్టర్ మార్చాను, తేడా లేదు. ఇంజెక్టర్లు విప్పించి టెస్ట్ బెంచ్ మీద పెట్టిస్తే అన్నీ బాగానే ఉన్నాయన్నారు. విప్పించిన ఖర్చు, బండి ఆగిన రోజులు మాత్రం నావే. చివరికి దారి చూపింది హెడ్‌లైటు. ఒక రాత్రి ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ తడబడిన ప్రతిసారీ హెడ్‌లైట్లు కూడా ఒక్క క్షణం మసకబారడం గమనించాను. ఇంజెక్టర్ పాడైతే హెడ్‌లైటుకేం సంబంధం? అక్కడే అనుమానం కరెంటు మీదికి మళ్లింది.

ఇంజెక్టర్ పాడైతే ఇంజన్ లైటు వెలగొచ్చు. ఏబీఎస్ లైటు ఎందుకు వెలుగుతుంది? దాని కంప్యూటరే వేరు. ఒకదానితో ఒకటి పని లేని లైట్లు ఒకేసారి వెలిగాయంటే మూడు రోగాలు కలిసి వచ్చాయని కాదు, మూడింటికీ కలిసే చోట ఏదో తెగుతోందని. ఆ చోటు చాలాసార్లు బ్యాటరీ టెర్మినల్, ఎర్త్ వైరు (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగొచ్చే దారి) లేదా డైనమోనే అవుతుంది.

నా బండిలో ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ పోయింది. పైకి చక్కగానే ఉంది, బోల్టు కూడా బిగుతుగానే ఉంది. విప్పి చూస్తే లగ్గు (పట్టీ చివర బోల్టు పట్టే ముక్క) లోపల పచ్చగా చిలుము పట్టి, సగం తీగలు పొడిపొడిగా రాలిపోయాయి. ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకు వచ్చేదంటే, లోడు పడితే ఇంజన్ మౌంటింగ్‌ల మీద కొంచెం ఒరుగుతుంది. ఆ ఒరుగుడుకి పట్టీ లాగబడి, మిగిలిన కాస్త కనెక్షనూ ఊడినంత పనయ్యేది. చదును రోడ్డు మీదికి రాగానే మళ్లీ అతుక్కునేది. సెన్సర్లకు కంప్యూటర్ ఇచ్చేది 5 వోల్టులే కదా, అందులో అర వోల్టు అటూ ఇటూ అయినా లెక్కలన్నీ తప్పుతాయి.

దీన్ని పట్టుకోవడానికి స్కానర్ అక్కర్లేదు, మామూలు మల్టీమీటర్ చాలు. డీసీ వోల్టులో పెట్టి మీటరు వైరు మొన ఒకటి బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద ఆనించండి (వైరు బిగించిన క్లాంపు మీద కాదు, పోస్టు మీదే), ఇంకోటి పెయింటు లేని చోట ఇంజన్ బ్లాకు మీద. ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. రీడింగు 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే. నాది 1 వోల్టు దాటింది. అలాగే బ్లాకు నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి క్యాబిన్‌కి కూడా, ఇంజన్ నడుస్తుండగా లైట్లు, బ్లోయర్ వేసి చూడండి. తర్వాత బ్యాటరీ రెండు పోస్టుల మధ్య చూడండి: ఆగి ఉన్నప్పుడు 12.6 దగ్గర, ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. మీది 24 వోల్టుల బండైతే ఈ బ్యాటరీ లెక్కలు రెట్టింపు చేసుకోండి. నడుస్తున్నప్పుడు కూడా 12 దగ్గరే కొట్టుకుంటుంటే డైనమో చార్జ్ చేయట్లేదు, బ్యాటరీ లైటు నిజమే చెబుతోంది.

బ్యాటరీ తీసే ముందు కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు మాత్రం స్కానర్‌తో చదివించి రాసి పెట్టుకోండి, చాలా బండ్లలో బ్యాటరీ తీస్తే అవి చెరిగిపోతాయి. పీ0562 అంటే వోల్టేజ్ తక్కువ, అది ఉంటే నేను చెప్పిన దారే. పీ0087 అంటే రైల్‌లో ప్రెజర్ తక్కువ. ఇది కనబడగానే పంపు పోయిందంటారు, కానీ మూసుకుపోయిన ఫిల్టర్‌కీ అదే కోడ్ వస్తుంది. కోడ్ చెప్పేది ఎక్కడ నొప్పి అని, ఏ సామాను మార్చాలని కాదు. ఇంజన్ వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక స్టార్ట్ అవుతుంటే, బండి ఇంకా దొర్లుతుండగానే ఆర్‌పీఎం ముల్లు సున్నాకి పడిపోతుంటే క్రాంక్ సెన్సర్‌ని (ఇంజన్ తిరిగే వేగం కంప్యూటర్‌కి చెప్పేది) అనుమానించండి.

కరెంటు వైపు అంతా సరిగ్గా ఉంటే అప్పుడు డీజిల్ వైపు రండి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపులో ఎక్కడ సందున్నా సాధారణంగా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే తడి కనబడలేదు కాబట్టి లీక్ లేదనుకుంటాం. ఫిల్టర్‌కి ముందు జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు తాత్కాలికంగా వేసి నడిపితే బుడగలు కంటికే కనిపిస్తాయి. అరగంట బాగా నడిచి తర్వాత మిస్సింగ్ మొదలైతే ట్యాంకు మూత తీయండి. లోపలికి గాలి పీల్చిన చప్పుడు వస్తే మూత రంధ్రం మూసుకుపోయినట్టే. ఫిల్టర్ కింద నీళ్లు దించడం మీకు తెలిసే ఉంటుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పాత మెకానికల్ పంపు బండ్లలో ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేసి ఏ సిలిండర్ పని చేయట్లేదో చూసేవాళ్లు. కామన్ రైల్‌లో ఆ పని చేయొద్దు, ఎవర్నీ చేయనివ్వొద్దు. అందులో ప్రెజర్ 1,000 బార్ దాటుతుంది. సన్నటి చుక్క కూడా చర్మంలోంచి దూసుకుపోతుంది. ఇంకొకటి, ఎర్రటి ఆయిల్ లైటు గానీ టెంపరేచర్ లైటు గానీ వెలిగితే పైన చెప్పిన పరీక్షలేవీ కాదు, పక్కకి తీసి ఇంజన్ ఆపేయాలి అంతే.

ఇంత చేశాక కూడా మిస్సింగ్ పోకపోతే ఇంజెక్టర్ల రిటర్న్ టెస్ట్ చేయమనండి. రిటర్న్ పైపులు (ఇంజెక్టర్లు వాడగా మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లేవి) ఊడదీసి ఒక్కో ఇంజెక్టర్‌కి ఒక్కో సీసా తగిలించి ఇంజన్ నడుపుతారు. మిగతా వాటికంటే ఒక సీసా బాగా ఎక్కువ నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగినట్టు. అలా కనిపిస్తే మీ మెకానిక్ చెప్పింది నిజమే, కాకపోతే నాలుగూ కాదు, ఆ ఒక్కటే మార్పించండి.