మొదటిసారి బ్లిజ్‌కాన్‌కి వెళ్తున్న అమ్ములుకి

అమ్ములూ,

మనం ఆడే వార్‌క్రాఫ్ట్ ఆటని చేసిన బ్లిజార్డ్ కంపెనీ అనహైమ్‌లో జరిపే అభిమానుల సభ, ఆ బ్లిజ్‌కాన్‌కి టికెట్ దొరికిందని నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ మళ్ళీ మళ్ళీ విన్నాను. ఎంత సంతోషమేసిందో! ఈసారి నాకు రావడం కుదరదు. నీ పక్కనే ఉంటే దారి పొడుగునా చెప్పే మాటలన్నీ అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొడుగు ఉత్తరమే. ప్రయాణంలో తీరిగ్గా చదువుకో.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. అక్కడ ఉండేది రెండే రోజులు. ఒకే గంటలో ఒక హాల్లో డెవలపర్ల ప్యానెల్, ఇంకో హాల్లో టోర్నమెంట్, మరోచోట ఇంకా విడుదల కాని గేమ్ ఆడి చూసే లైను, అన్నీ ఒక్కసారే నడుస్తుంటాయి. మొదటిసారి వచ్చినవాళ్ళు ఏదీ వదులుకోలేక హాళ్ళ మధ్య పరుగులు పెట్టి, దేన్నీ సరిగ్గా చూడకుండానే సాయంత్రానికి నేలమీద కూలబడతారు. నువ్వు ఎక్కడికి కదలబోయినా ఒక్కటే ప్రశ్న వేసుకో: ఇది తర్వాత వీడియోలో దొరుకుతుందా? దొరికేదైతే నిశ్చింతగా వదిలెయ్. దొరకనిదైతే దానికోసం ఎంతసేపైనా నిలబడు.

పెద్ద ప్యానెల్స్ దాదాపు అన్నీ దొరుకుతాయి. పైగా వెనక వరసల్లో కూర్చుంటే అక్కడ కూడా నువ్వు చూసేది తెరనే. ప్రారంభ వేడుకకి మాత్రం ఈ లెక్క పనిచేయదు, దానికి వెళ్ళి తీరాలి. 2023 నవంబరులో, నాలుగేళ్ళ విరామం తర్వాత మళ్ళీ అందరం ఒకచోట చేరినప్పుడు క్రిస్ మెట్జెన్ స్టేజీ మీదికి వచ్చాడు. వార్‌క్రాఫ్ట్ కథకి ప్రాణం పోసినవాళ్ళలో ఒకడు, 2016లో కంపెనీ వదిలి వెళ్ళిపోయి తిరిగి వచ్చినవాడు. ది వార్ వితిన్, మిడ్‌నైట్, ది లాస్ట్ టైటన్ అని మూడు ఎక్స్‌పాన్షన్లు, అంటే ఆటకి చేర్చే కొత్త కథాభాగాలు, ఒకేసారి ప్రకటించాడు. ఆ పేర్లు ప్రపంచమంతా అదే నిమిషంలో తెలుసుకుంది. కానీ ఆయన నోరు తెరవకముందే హాలు హాలంతా లేచి నిలబడి అరిచిన అరుపు ఉందే, అది కుర్చీలోంచి ఒంట్లోకి వస్తుంది. వీడియోలో ఆ శబ్దం ఉంటుంది గానీ ఆ వణుకు ఉండదు. ఆటలో తలపడే రెండు పక్షాల్లో నువ్వు హోర్డ్ పిల్లవి కదా, ఎవరైనా "ఫర్ ద హోర్డ్" అనగానే సిగ్గుపడకుండా గొంతెత్తు. నేను ఎదుటి పక్షం అలయన్స్ దానినైనా ఆ మాట మనస్ఫూర్తిగానే చెప్తున్నాను.

ఇక అసలు పని నీ గిల్డ్ వాళ్ళని, అంటే ఆటలో నీ జట్టుని, కలవడం. వెళ్ళేముందే ఎవరెవరు వస్తున్నారో డిస్కార్డ్‌లో కనుక్కుని, ఒక పూట భోజనానికి టైమూ చోటూ ఖాయం చేసుకో. "అక్కడికెళ్ళాక చూద్దాం" అంటే ఎవరూ ఎవరికీ దొరకరు. కన్వెన్షన్ సెంటర్ ముందున్న పెద్ద ఆవరణకి అటొకటి ఇటొకటి హిల్టన్, మారియట్ హోటళ్ళు ఉంటాయి. హాళ్ళు మూసేశాక జనం హిల్టన్ లాబీలోకే చేరతారు, ఏళ్ళ తరబడి అదే అలవాటు. అలాంటి వెలుతురున్న, మనుషులున్న చోటే కలవండి. మొదట క్యారెక్టర్ పేరు చెప్పు, తర్వాతే సొంత పేరు. మొహాలు ఎవరికీ తెలీవు, గొంతులు మాత్రం అందరికీ తెలుసు. ఆ మొదటి అయిదు నిమిషాలూ ఇబ్బందిగానే ఉంటుంది. ఎవరో ఒకరు అందరూ కలిసి చేసిన పాత రెయిడ్ దాడి సంగతి ఎత్తుతారు, అక్కడితో సర్దుకుంటుంది.

మా ట్యాంక్, అంటే ముందు నిలబడి శత్రువు దెబ్బలన్నీ కాసే ఆటగాడి గురించి నీకు ఎప్పుడూ చెప్పలేదు. రెయిడ్‌లో ఆయన గొంతు విని ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాం. ఆవరణలో ఒక బల్ల దగ్గర మా కోసం ఎదురుచూస్తున్నది బక్కపలచటి పెద్దాయన, ఛాతీ మీద క్యారెక్టర్ పేరు రాసిన కాగితం అంటించుకుని. చెయ్యి కలిపినప్పుడు చూశాను, కుడిచేతి వేళ్ళు రెండు కీళ్ళవాతంతో వంకరపోయి ఉన్నాయి. ఆ రెండు వేళ్ళూ నొక్కలేవని, ముఖ్యమైన బటన్లన్నీ మౌస్ మీద బొటనవేలి కిందికి మార్చుకున్నానని ఎంతో మామూలుగా చెప్పాడు. ఎన్నో రాత్రులు ఆయన క్యారెక్టర్ ప్రాణం నిలబెట్టిన హీలర్ని నేను. ఆయన ఒక్క సెకను ఆలస్యంగా తిరిగితే విసుక్కునే మా వాళ్ళందరూ ఆ రోజు ఆ బల్ల చుట్టూ కూర్చుని ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత మా రెయిడ్‌లో ఎవరూ ఎవరినీ కసిరింది లేదు. ఇలాంటివి ఏ వీడియోలోనూ దొరకవు అమ్ములూ. అందుకే ఆ భోజనం రోజు వేరే ప్యానెల్ ఏదీ పెట్టుకోకు, ఎంత పెద్దదైనా సరే.

వాళ్ళ ఫొటోలు, సొంత పేర్లు ఎక్కడైనా పెట్టేముందు మాత్రం అడుగు. ఆటలో ఒక పేరుతో, బయట ఇంకో పేరుతో బతకడం చాలామందికి అవసరం. రాలేకపోయిన వాళ్ళకి ఒక్క వీడియో కాల్ చేసి ఫోన్ బల్ల చుట్టూ తిప్పండి.

నీకు కథంటే పిచ్చి కాబట్టి ప్రశ్నల మైకు దగ్గర నిలబడతావని నాకు తెలుసు. నిలబడు. 2010లో ఎర్ర చొక్కా వేసుకున్న ఒక కుర్రాడు అదే మైకు దగ్గర కాస్త తడబడుతూనే, వార్‌క్రాఫ్ట్ పాత్ర ఫాల్‌స్టాడ్ వైల్డ్‌హామర్ ఏమయ్యాడని అడిగాడు. ముగ్గురు మరుగుజ్జు నాయకుల సభలో వైల్డ్‌హామర్ తెగ తరఫున వేరొకరు కూర్చున్నారు, మరి ఫాల్‌స్టాడ్ ఎక్కడ అని. ఆయన చనిపోలేదా అని వేదిక మీది నుంచి వినిపించింది. లేదు, మొదటి నుంచీ ఆటలో ఆ తెగ ఊరు ఏరీ పీక్‌కి నాయకుడు ఆయనే అన్నాడు కుర్రాడు. అతనే కరెక్టు. ఆ వీడియో చూసి అతను మాట్లాడిన తీరుని వెక్కిరించినవాళ్ళు చాలామందే ఉన్నారు. బ్లిజార్డ్ వాళ్ళు మాత్రం ఫాల్‌స్టాడ్‌ని ఆ సభలో చేర్చి, పక్కనే ఎర్ర చొక్కాతో ఒక మరుగుజ్జుని నిలబెట్టారు, వైల్డ్‌హామర్ ఫ్యాక్ట్ చెకర్ అని పేరు పెట్టి. ఆటలో ఆ సభ ఉండే ఐరన్‌ఫోర్జ్ నగరానికి వెళ్ళినప్పుడల్లా నేను అతనికి సెల్యూట్ కొట్టి వస్తాను. అంచేత గొంతు వణికినా పరవాలేదు, విషయం తెలిసి అడుగు. ముందే కాగితం మీద రాసుకో. "నేను మీ గేమ్ ఎన్నేళ్ళ నుంచి ఆడుతున్నానంటే" అని మొదలుపెట్టకు, వెనక నిలబడ్డవాళ్ళ టైమ్ అది. ఎప్పుడు విడుదల, ధర ఎంత అని అడిగితే జవాబు రాదు. ఒక పాత్ర అలా ఎందుకు ప్రవర్తించింది, ఒక ఊరిని అలా ఎందుకు కట్టారు అని అడిగితే వాళ్ళ మొహాలు విప్పారుతాయి.

ఆ మైకు దగ్గరే ఇంకోలా కూడా జరిగింది. 2018లో బ్లిజార్డ్ వాళ్ళ ఇంకో ఆట డయాబ్లోలో కంప్యూటర్ మీద ఆడే పెద్ద గేమ్ వస్తుందని ఎదురుచూసిన జనం ముందు మొబైల్ గేమ్ డయాబ్లో ఇమ్మోర్టల్ ప్రకటించారు. ఇది ఏప్రిల్ ఫూల్ జోకా అని ఒకరు మైకులో అడిగారు, హాల్లో ఈలలూ చప్పట్లూ. మీకెవరికీ ఫోన్లు లేవా అన్న వేదిక మీది జవాబు ఇంకా మంట పెట్టింది. జనం నిరాశ నాకు అర్థమవుతుంది. ఖర్చు పెట్టుకుని, సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళు. కానీ ఏం ప్రకటించాలో నిర్ణయించేది ఒకరు, మైకు ముందు నిలబడేది ఇంకొకరు. నువ్వు కోరుకున్నది రాకపోతే చప్పట్లు కొట్టకు, అంతే చాలు. వేదిక మీది మనిషిని నలుగురిలో చిన్నబుచ్చకు. నచ్చలేదని చెప్పాలంటే ఇంటికొచ్చాక వివరంగా రాయి, అది వాళ్ళు చదువుతారు కూడా.

తక్కిన పనులు త్వరగా చెప్పేస్తాను. లోపలికి వెళ్ళడానికి కావలసిన బ్యాడ్జ్ ముందురోజే తీసుకో, ప్రారంభం రోజు పొద్దున ఆ లైన్లో నిలబడితే వేడుక లైన్లో వెనకబడతావు. లాస్ ఏంజెలెస్ పెద్ద విమానాశ్రయం కంటే జాన్ వేన్ విమానాశ్రయం అనహైమ్‌కి బాగా దగ్గర, టికెట్ ధరలో తేడా కొద్దిపాటిదైతే అక్కడే దిగు. కన్వెన్షన్ సెంటర్ డిస్నీల్యాండ్‌కి రోడ్డు అవతలే ఉంది కాబట్టి చుట్టుపక్కల గదులు ఎప్పుడూ ఖరీదే. నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉంటే చాలు, ఆనుకునే ఉండక్కర్లేదు. హాళ్ళలో నేల కాంక్రీటు, పాత బూట్లే వేసుకో, కొత్తవి వద్దు. పన్నెండింటికి అందరికీ ఒక్కసారే ఆకలేస్తుంది, నువ్వు పదకొండుకే తినెయ్. ఖాళీ నీళ్ళ సీసా, పవర్ బ్యాంక్, ఒక మాస్కు బ్యాగులో పడెయ్. అంతమంది మధ్య రెండు రోజులు తిరిగితే ఇంటికొచ్చాక జలుబూ జ్వరమూ పట్టుకోవడం మామూలే, ఆ సోమవారం కూడా సెలవు పెట్టుకో. సామాన్ల దుకాణం దగ్గర లైను చూసి కంగారు పడకు. అక్కడ అమ్మేవాటిలో చాలా భాగం ఆన్‌లైన్‌లో కూడా పెడతారు. గేమ్ బొమ్మలున్న అలంకార పిన్నులు మాత్రం రెండేసి కొనుక్కో. మెడలో వేసుకున్న పట్టీ నిండా పిన్నులు గుచ్చుకుని తిరిగేవాళ్ళు కనిపిస్తారు, వాళ్ళతో మార్చుకోవడానికి పనికొస్తాయి. మాట కలపడానికి అంతకంటే తేలికైన దారి లేదు.

ఒక బరువైన మాట కూడా చెప్పాలి. 2021 జులైలో కాలిఫోర్నియా రాష్ట్ర సంస్థ బ్లిజార్డ్ కంపెనీ మీద ఆడ ఉద్యోగుల పట్ల వివక్ష, వేధింపులు జరిగాయన్న ఆరోపణలతో దావా వేసింది. 2023 చివర్లో అది రాజీతో ముగిసింది. ఆ రోజుల్లో మా గిల్డ్ ఆడవాళ్ళం చాలా రాత్రులు మాట్లాడుకున్నాం. కొందరు ఆట మానేశారు, వాళ్ళ నిర్ణయం నాకు గౌరవం. నేను ఉండిపోయాను, ఆ ప్రపంచం నాకు మనుషుల్ని ఇచ్చింది కాబట్టి. ప్రేమించినదాన్ని కళ్ళు తెరుచుకుని ప్రేమించాలని మాత్రం గట్టిగా అనుకున్నాను. నువ్వూ అక్కడ కళ్ళు తెరుచుకునే తిరుగు. ఎవరి హోటల్ గదిలో పార్టీకి పిలిచినా ఒంటరిగా వెళ్ళకు, వాళ్ళు ఎంత పేరున్నవాళ్ళైనా సరే. నీ గ్లాసు నీ చేతిలోనే ఉండాలి. ఎవరి తీరైనా నచ్చకపోతే మర్యాద కోసం ఆగకుండా లేచి వచ్చెయ్, కావాలంటే హాల్లోని సిబ్బందికి చెప్పు. ఏ అర్ధరాత్రైనా నాకు ఫోన్ చెయ్. మీ అమ్మకి చెప్పాలా వద్దా అన్నది తర్వాత ఆలోచిద్దాం.

చివరికి వార్‌క్రాఫ్ట్‌లోని విలుకత్తె రాణి సిల్వానస్‌గా నీ వేషం. ఫొటో చూశాను, ఆ పుర్రెల భుజకవచం అద్భుతంగా వచ్చింది. వేషం వేసుకున్నావంటే అడక్కుండా ఫొటో తీసేవాళ్ళూ చెయ్యి వేసేవాళ్ళూ తగులుతారు. "ముందు అడగండి" అని నవ్వకుండా చెప్పడం ఇంట్లోనే అలవాటు చేసుకో. నువ్వు కూడా ఇంకొకరి వేషాన్ని అడిగాకే ముట్టుకో. విల్లు నిజంగా బాణం వేసేలా ఉండకూడదు, లోహం వాడకు, ప్రవేశం దగ్గరే ఆగిపోతావు. ఈ ఏడాది నియమాలు వాళ్ళ సైట్లో పూర్తిగా చదివాకే రంగు వెయ్. మొదటి రోజు మామూలు బట్టల్లో తిరిగి, వేషం రెండో రోజు వేసుకో. ఆ కవచంతో కుర్చీలో కూర్చోవడం, బాత్రూమ్ తలుపు దాటడం ఎంత కష్టమో ఇంట్లో ఒక పూటంతా వేసుకుని చూస్తే తెలుస్తుంది. గ్లూ గన్, సేఫ్టీ పిన్నులు, రెండు వైపులా అంటుకునే టేపు, కత్తెర పట్టుకుని తిరిగే మనిషి ఒకరు నీ పక్కన ఉండాలి. మీ గిల్డ్‌లో ఎవరినైనా ఇప్పుడే అడిగిపెట్టుకో. విమానంలో వెళ్తుంది కాబట్టి భుజాల ముక్కలు విడదీసేలా ఉండాలి, జిగురుతో అంటించేయకు.

రెండు ముక్కలూ భుజాల మీద పెట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరికి ఎంత వెడల్పు వచ్చిందో కొలిచి పంపు. మరీ ఎక్కువైతే ఎక్కడ కోయాలో ఫొటో మీద గీత గీసి పంపిస్తాను. వెల్క్రో కొనకు, నా దగ్గర బోలెడుంది, వారంలోపు పార్సిల్ చేస్తాను.

మీ పిన్ని