వేపకు తెగులొస్తే వేళ్లలోని శిలీంధ్రానికి పస్తు

ప్రశ్న: మా వీధిలో వేపలు రెండేళ్లుగా వానాకాలంలో కొమ్మలు ఎండి, ఎండాకాలానికి మళ్లీ చిగురిస్తున్నాయి. వేళ్లలో మేలు చేసే శిలీంధ్రం ఉంటుందట కదా, పైన వచ్చిన తెగులు దానికీ సోకుతుందా? పాదులో కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని మందు పోయమంటున్నారు, పోయవచ్చా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సోకదు గానీ ఆకలి తప్పదు. కొమ్మలను ఎండబెట్టేది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం. టీ దోమ అనే నల్లి జాతి పురుగు లేత చిగుళ్లను కుట్టి రసం పీలిస్తే ఎండు ఇంకా ముదురుతుంది. వేళ్లలో కాపురముండేది వేరే జాతి, రైతులు ‘వామ్’ (VAM) అనే జీవన ఎరువుగా కొనేది అదే. రాలిన ఆకును కుళ్లబెట్టుకుని తినడం దానికి చేతకాదు. బతికున్న వేరు పెడితేనే తిండి. ఆకులు తయారుచేసిన చక్కెరలో ఒక్కోసారి 20 శాతం దాకా దీనికే పోతుంది. బదులుగా అది మట్టిలోంచి భాస్వరం తెచ్చి ఇస్తుంది. కొమ్మలు ఎండితే ఆ వాటాకు కోత పడుతుంది.

ఆ కోత ఎంత త్వరగా తెలుస్తుందో చూడాలంటే స్వీడన్ పైన్ అడవిలో చేసిన ప్రయోగం ఉంది, ఫలితాలు 2001లో వచ్చాయి. చెట్ల చుట్టూ బెరడు వలిచి చక్కెర కిందికి దిగకుండా ఆపేశారు. రెండు నెలల్లోపే నేలలోని వేళ్లు, శిలీంధ్రాలు, ఇతర జీవులు ఊపిరిగా విడిచే బొగ్గుపులుసు వాయువు 54 శాతం దాకా తగ్గింది. పైన్ వేళ్ల శిలీంధ్రాలు వేరే రకమైనా ఆకలి లెక్క ఒకటే.

మీ వేప మళ్లీ చిగురిస్తోంది కాబట్టి కంగారు వద్దు. పాదులో మాత్రం కార్బెండజిమ్ పోయకండి. తెగులు కొమ్మల్లో ఉంటే మందు వేళ్లకు పోయడం, పస్తున్న శిలీంధ్రం నెత్తిన ఇంకో దెబ్బ వేయడమే. ఎండిన కొమ్మను పచ్చి భాగంలోకి ఒక జానెడు దిగి కోసి, ముక్కలు కాల్చేయండి. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. ఆ పేస్టుకు 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ ఒకేసారి మూడో గిన్నెలో పోయాలి. ఇనప బకెట్ వద్దు, ప్లాస్టిక్‌దో మట్టిదో వాడండి. శుభ్రమైన ఇనప చాకు ముంచి చూడండి, రాగి రంగు పూత పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట. పాదులో గడ్డి ఉంటే పీకి నున్నగా చేయకండి. చెట్టు పస్తు పెట్టినన్నాళ్లూ వామ్‌ను పోషించేవి ఆ గడ్డి వేళ్లే.

ప్రశ్న: మా కాలేజీ బోటనీ ల్యాబులో వేళ్లలోని శిలీంధ్రానికి రంగు పట్టించే ట్రైపాన్ బ్లూ లేదు. వేరులో వామ్ ఉందో లేదో చూసే మార్గం చెప్పండి.
– గుంటూరు నుంచి ఒక లెక్చరర్

జవాబు: ఫౌంటెన్ పెన్ నల్ల సిరా, వెనిగర్ చాలు. మిల్లీమీటరు కంటే సన్నని వేళ్లను సెంటీమీటరు ముక్కలుగా కోసి కడగండి. 100 మిల్లీలీటర్లలో 10 గ్రాముల లెక్కన కాస్టిక్ పొటాష్ ద్రావణం చేసి (పొటాష్‌నే నీళ్లలో వేయాలి, చేతికి గ్లవ్స్ తప్పనిసరి), అందులో 90 డిగ్రీల దగ్గర వేళ్లు పాలిపోయేదాకా ఉంచండి. లేత వేళ్లకు అరగంట చాలు. వేప వేళ్లు నల్లగా ఉంటాయి, గంట దాటినా తొందరపడొద్దు. కడిగి, 95 పాళ్ల వెనిగర్‌లో 5 పాళ్ల సిరా కలిపి 3 నిమిషాలు మరిగించండి. తర్వాత రెండు చుక్కల వెనిగర్ వేసిన నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టాలి. వెనిగర్ మరిచి ఉత్త నీళ్లతో కడిగితే రంగంతా దిగిపోతుంది, చాలామంది తప్పేది ఇక్కడే.

మైక్రోస్కోపులో అడ్డగోడలు లేని దారాలు, కోడిగుడ్డు ఆకారపు సంచులు, కణం లోపల కొమ్మలు వేసిన బుల్లి చెట్టులాంటివి కనిపిస్తాయి. దారాల్లో అడ్డగోడలు వరుసగా ఉంటే అది వేరే శిలీంధ్రం, లెక్కలోకి తీసుకోవద్దు. తెగులు చెట్టును పోల్చేటప్పుడు బుల్లి చెట్లను విడిగా లెక్కపెట్టండి. వాటి ఆయువు వారం పది రోజులే, చక్కెర తగ్గితే ముందు పలచబడేవి అవే. సంచుల్లో నూనె నిల్వ ఉంటుంది, అవి ఆలస్యంగా పోతాయి. శిలీంధ్రం పట్టిన వేరు మొత్తం శాతం ఒక్కటే రాసుకుంటే రోగిష్టి చెట్టు కూడా ఆరోగ్యంగా కనబడుతుంది.

ప్రశ్న: తెగులుతో ఒక చెట్టు జాతే పోతే దాని శిలీంధ్రమూ పోతుందా?
– ఒక డిగ్రీ విద్యార్థి, మంగళగిరి

జవాబు: దాని సంబంధం ఎందరితో ఉందో దాన్నిబట్టి. వామ్ జాతులకు పెద్దగా పట్టింపులు లేవు. వేప పోతే కానుగ, కానుగ లేకపోతే తంగేడు. ఒకే చెట్టును నమ్ముకున్నవాటికే ముప్పు. ఇంగ్లండ్ నైరుతిలో 2009లో లార్చ్ అనే సూదాకు చెట్లకు ఫైటోఫ్తోరా తెగులు బయటపడి, ఆ తర్వాత తోటలకు తోటలే నరికారు. పసుపు గొడుగుతో లేచే సుయిలస్ గ్రెవిల్లీ అనే పుట్టగొడుగు లార్చ్ వేళ్లతోనే బతుకుతుంది. లార్చ్ తోట పోయిన చోట అదీ లేదు.

ప్రశ్న: చచ్చిన వేప తీసిన గోతిలోనే కొత్త మొక్క పెట్టొచ్చా?
– తెనాలి పాఠకుడు

జవాబు: పెట్టొచ్చు. పాత మొద్దును తీసేయండి. 50 గ్రాముల వామ్‌ను మొక్క వేళ్లకు తగిలేలా అడుగున వేయండి, పైన చల్లితే మన ఎండకు మాడిపోతుంది. అదే గోతిలో డీఏపీ వేయొద్దు. భాస్వరం ఊరికే దొరికితే మొక్క శిలీంధ్రానికి తిండి పెట్టడం మానేస్తుంది.