డాక్టర్ సలహా: బ్యాట్ ముట్టని పిల్లాడు.. బద్ధకమా, డిప్రెషనా?

ప్రశ్న: మా బాబుకి 16 ఏళ్లు. పదో తరగతిలో 600కి 561 మార్కులు వచ్చాయని హాస్టల్ ఉన్న కాలేజీలో ఎంపీసీలో చేర్పించాం. దసరా సెలవులకి వచ్చినప్పటి నుంచి మనిషే మారిపోయాడు. గదిలోంచి బయటికి రాడు. రాత్రి రెండింటిదాకా ఫోన్, పగలు పన్నెండుకి లేవడం. తలనొప్పి, కడుపునొప్పి అంటాడు. పలకరిస్తే కసురుకుంటాడు. బ్యాట్ ముట్టుకోవడమే లేదు. మావారేమో బద్ధకం, ఫోన్ లాక్కుంటే దారికొస్తాడంటారు. మా చెల్లెలు కాన్పు తర్వాత డిప్రెషన్‌కి మందులు వాడింది. దానివల్లేమైనా వచ్చిందా? మందులు వాడితే అలవాటైపోతాయా? సోమవారం కాలేజీ తెరుస్తారు, పంపమంటారా? మొన్న ‘నేను లేకపోతే మీకు ఫీజు డబ్బులైనా మిగులుతాయి’ అన్నాడు. భయంగా ఉంది.
– ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన ఫీజు డబ్బుల మాటతోనే మొదలుపెడతాను. అలిగి అన్నాడులే అని వదిలేయొద్దు. ఇవాళే పక్కన కూర్చుని, ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగేవాళ్లు ఉన్నారన్న ఊరటే పిల్లలకి దక్కుతుంది. అవునన్నా, జవాబివ్వకుండా తల దించుకున్నా, ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, వాడగా మిగిలిన మాత్రలు ఉంటే ముందు వాటిని అక్కణ్నుంచి తీసేయించండి. మానసిక సమస్యల హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి అర్ధరాత్రయినా ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక రోగం సంగతి. ఉత్తరం చూసి పేరు పెట్టేయడం తప్పే కానీ, మీరు రాసినవి డిప్రెషన్ వైపే చూపిస్తున్నాయి. పెద్దవాళ్లు దిగులుగా కూర్చుంటారు. ఈ వయసు పిల్లల్లో అదే దిగులు చాలాసార్లు చిరాకుగా, కసురుకోవడంగా, తలనొప్పి, కడుపునొప్పిగా బయటపడుతుంది. అందుకే ఇంట్లోవాళ్లు పొగరనో బద్ధకమనో అనుకుంటారు. నాకు అనుమానం కలిగించింది ఆ బ్యాట్. బద్ధకస్తుడు పుస్తకం మానేస్తాడేమో గానీ ఆట మానడు. ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం, అదీ రెండు వారాలు దాటడం, మేం ముందుగా చూసే లక్షణం.

ఎందుకొస్తుందంటే, ఫలానా కారణమని ఒక్కదాన్ని పట్టుకోలేం. మీ చెల్లెలి విషయం రాసి మంచిపని చేశారు. రక్తసంబంధీకుల్లో ఉంటే వచ్చే అవకాశం కొంత ఎక్కువ. అంతమాత్రాన వచ్చి తీరుతుందని కాదు, మీ పుట్టింటి తప్పూ కాదు. దానిమీద ఇంకా కొన్ని వచ్చి పడాలి.

వాటిలో ముఖ్యమైంది నిద్ర. ఈ వయసులో ఒంట్లోని గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది, తొందరగా నిద్ర పట్టదు. 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. హాస్టల్‌లో రాత్రి పదిన్నరదాకా స్టడీ అవర్, మళ్లీ ఐదింటికి బెల్లు అయితే ఎంత మిగులుతుందో మీరే లెక్కేయండి. నెలల తరబడి అలా గడిపితే మనసు కుంగకపోతేనే ఆశ్చర్యం.

రెండోది ర్యాంకు. ఆ మధ్య ఒక పిల్లాడు, వాళ్ల నాన్న చెబుతున్నంతసేపూ మంచినీళ్ల సీసా మీద కాగితాన్ని గోటితో గీకుతూ కూర్చున్నాడు. పెద్దాయన్ని బయట కూర్చోమన్నాక నోరు విప్పాడు. వీకెండ్ టెస్టులో తగ్గాయని సెక్షన్ మార్చారట. పక్కన తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న ‘ఈసారి ఎన్నొచ్చాయిరా?’ ‘తిన్నావా అని తర్వాత అడుగుతారు సార్’ అన్నాడు. ఊళ్లో ఫస్టొచ్చిన పిల్లాడు వందమంది ఫస్టుల మధ్య పడితే, తానెవరో తనకే తెలియకుండా పోతుంది. పైగా ‘నీకోసం అప్పు చేశాం’ అన్న మాట ఒక్కసారి విన్నా మర్చిపోరు.

మీకు చెప్పుకోలేనివీ ఉండొచ్చు: తోటివాళ్ల ఎగతాళి, ర్యాగింగ్, ప్రేమ వ్యవహారం, ఆన్‌లైన్ బెట్టింగ్‌లో పోగొట్టుకున్న డబ్బు, లైంగిక వేధింపు, గంజాయి. అందుకే డాక్టర్ బాబుతో విడిగా మాట్లాడతానంటే చిన్నబుచ్చుకోకండి. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా అచ్చం ఇలాగే నీరసింపజేస్తాయి కాబట్టి సీబీపీ, టీఎస్‌హెచ్, బీ12 అనే రక్తపరీక్షలు రాయొచ్చు.

ఫోన్ గురించి మీవారితో కాస్త విభేదిస్తాను. నిద్ర పట్టక, ఆలోచనలు తట్టుకోలేక ఫోన్ పట్టుకునే పిల్లలే నాకు ఎక్కువ కనిపిస్తారు. అయితే అది నిద్రని ఇంకా చెడగొడుతుంది, ఒప్పుకుంటాను. లాక్కోవద్దు. రాత్రి పదయ్యాక ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టండి, మీవారిది కూడా.

మందుల భయం వద్దు. తక్కువ స్థాయిలో ఉంటే కౌన్సెలింగ్‌తోనే సరిపోవచ్చు. అవసరమైతే ఈ వయసుకి ఎక్కువగా ఫ్లూఆక్సెటిన్ అనే మందు ఇస్తారు. మత్తుమందులా అలవాటయ్యేది కాదది. పూర్తి ఫలితం కనిపించడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి వారాల్లో కొందరు పిల్లల్లో ఆందోళన, చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు కాబట్టి దగ్గరుండి కనిపెట్టుకోవాలి. తగ్గిందని మీ అంతట మీరు ఆపేయకూడదు. అలవాటయ్యేవి నిద్రమాత్రల్లో కొన్ని. మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి.

సోమవారం పంపొద్దు. ముందు సైకియాట్రిస్ట్‌కి చూపించండి. జిల్లాలోని ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లినా సరే. హాస్టలా, ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీయా అన్నది ఆయన చూశాక, బాబుని కూడా అడిగి తేల్చుకోవచ్చు. వెళ్లేటప్పుడు మీ చెల్లెల్ని అడిగి ఆమె పాత చీటీ దొరికితే వెంట తీసుకెళ్లండి. ఆమెకి ఏ మందు పనిచేసిందో తెలిస్తే డాక్టర్‌కి ఉపయోగపడుతుంది.