పుస్తకాలు, బ్రాండింగ్, ఎగ్జిబిషన్లు మూడూ ఒకే డిజైనర్ చేయగలరా?

పుస్తకాలు, లోగోలు, ఎగ్జిబిషన్లు అన్నీ చేయొచ్చా, లేక ఏదో ఒకటే పట్టుకోవాలా అని అడిగారు. చేయొచ్చు. నేను పదకొండేళ్లుగా మూడూ చేస్తున్నాను. కాకపోతే సాఫ్ట్‌వేర్ ఒకటే కదా, పనీ ఒకటేలే అనుకుంటే మాత్రం దెబ్బ తింటారు.

నేను మొదలుపెట్టింది పుస్తకాలతో. కవర్ గురించే అందరూ మాట్లాడతారు గానీ అసలు పని లోపలి పేజీల్లో ఉంటుంది: మార్జిన్లు, లైన్ల మధ్య ఖాళీ, తెలుగైతే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగలకుండా చూసుకోవడం. కవర్‌లో కూడా నన్ను ఎక్కువ ఏడిపించింది బొమ్మ కాదు, పుస్తకం వెన్ను, అంటే అల్మరాలో నిలబెడితే పేరు కనిపించే సన్నటి పక్క. 240 పేజీలంటే 120 కాగితాలు, ఒక్కోటి 0.1 మి.మీ. మందం ఉంటే వెన్ను 12 మి.మీ. అని లెక్కేసి ఫైల్ పంపేశాను. చివరి నిమిషంలో ప్రెస్ వాళ్లు 0.13 మి.మీ. కాగితం వాడారు, వెన్ను దాదాపు 16 అయింది, పేరు పక్కకు జరిగిపోయింది. అప్పటి నుంచి అదే కాగితంతో కుట్టిన ఖాళీ నమూనా పుస్తకం చేతికి వచ్చి, స్కేలుతో కొలిచాకే కవర్ ఫైల్ పంపుతున్నాను.

బ్రాండింగ్‌లో మీరు డిజైన్ ఇచ్చేసి వెళ్లిపోతారు, ఆ తర్వాత దాన్ని వాడేది వేరేవాళ్లు. అందుకే లోగో కంటే వాడే పద్ధతి ముఖ్యం. ఒక్క రంగులో, గోరంత సైజులో కూడా నిలబడకపోతే ఆ లోగో ఇంకా పూర్తి కానట్టే.

నాకు బాగా ఇష్టమైనది ఎగ్జిబిషన్. పోస్టర్, ఆహ్వానం, గోడ మీద రాత, వస్తువుల పక్కన క్యాప్షన్లు, క్యాటలాగ్ అన్నీ ఒకే కుటుంబంలా కనిపించాలి, పైగా జనం నడుస్తూ, నిలబడి, పక్కవాళ్ల భుజాల మీదుగా చదువుతారు. నా మొదటి ఎగ్జిబిషన్‌లో గోడ మీది అక్షరాలు స్క్రీన్ మీద చక్కగా ఉన్నాయి, తీరా ప్రారంభం రోజున ఒక పెద్దావిడ గోడకు ముఖం ఆనించినంత దగ్గరగా వెళ్లి చదువుతుంటే నాకు చాలా బాధేసింది. లెక్క తేలికే: మూరెడు దూరంలో చదివే పుస్తకంలో అక్షరం సైజు 10 పాయింట్ సరిపోతుందంటే, నాలుగు మూరల దూరం నుంచి అంతే సులువుగా చదవాలంటే 40 పాయింట్ కావాలి. ఇప్పుడు ప్రతి ప్యానెల్‌నూ అసలు సైజులో ప్రింట్ తీసి, గోడకు అతికించి, కుర్చీలో కూర్చుని కూడా చదివి చూస్తాను, ఎందుకంటే వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లూ పిల్లలూ ఉంటారు.

ఇంకో తేడా, ఎగ్జిబిషన్ కొన్ని నెలల్లో అయిపోతుంది కాబట్టి అక్కడ ధైర్యం చేయొచ్చు, బ్రాండ్ మాత్రం ఏళ్ల తరబడి ఉండాలి. న్యూయార్క్‌లోని విట్నీ ఆర్ట్ మ్యూజియంకు ఎక్స్‌పెరిమెంటల్ జెట్‌సెట్ అనే డిజైన్ స్టూడియో 2013లో చేసిన ఐడెంటిటీ, అంటే లోగోతో సహా దాని మొత్తం రూపం చూడండి. డబ్ల్యూ అక్షరం సన్నటి గీతగా, ఉన్న ఖాళీని బట్టి సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. ఏళ్ల తరబడి నిలవాల్సిన గుర్తు ప్రతి ఎగ్జిబిషన్‌కూ తగ్గట్టు ఒదిగిపోతుంది, నాకు అది ఎప్పుడు చూసినా ఆశ్చర్యమే.

మీరు ఇప్పుడే మొదలుపెడుతుంటే ముందు ఏదైనా చిన్న ఎగ్జిబిషన్ క్యాటలాగ్ పని దొరుకుతుందేమో వెతకండి. అది పుస్తకమే, కానీ దాని కోసం ఆ హాల్లోకి వెళ్లక తప్పదు, గోడల పని చేసేవాళ్లతో మాట్లాడకా తప్పదు.