మావాడు థాయ్ మసాజ్ నేర్చుకుంటానంటున్నాడు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ చదివాడు. రెండుసార్లు నీట్ రాసినా సీటు రాలేదు. ఇప్పుడు థాయ్ మసాజ్‌లో ఒళ్లు సాగదీసే పద్ధతులు నేర్చుకుని అదే పనిగా బతుకుతానంటున్నాడు. ఈ కోర్సు మంచిదా, ఫిజియోథెరపీ మంచిదా? బంధువుల్లో తలెత్తుకోలేకపోతున్నాం.

జవాబు: మీ అసలు బాధ ఆఖరి వాక్యంలోనే ఉందండి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, ఆ వాక్యం మాత్రం మారదు.

ఒళ్లు పట్టే పని అంటే మీకు నామోషీగా ఉంది. మీవాడు పసివాడిగా ఉన్నప్పుడు ఇంట్లో పెద్దావిడ కాళ్లు చాపుకుని, వాణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి, కుడి చెయ్యీ ఎడమ కాలూ కలిపి మెల్లగా సాగదీసే ఉంటుంది. మీరూ పక్కన నిలబడి మురిసిపోయి ఉంటారు. వాడు నేర్చుకుంటానంటున్నది పెద్దవాళ్లకు చేసే అలాంటి పనే. నాట్లు వేసి, బస్తాలు మోసి నడుం పట్టేసినవాళ్లు మన కోనసీమలో ఏ ఊళ్లో లేరు? వాళ్లకు ఉపశమనం ఇచ్చే చెయ్యి తక్కువదెలా అవుతుంది? రెండుసార్లు సీటు రాని పిల్లాడు తనంతట తాను ఒక పని మీద మనసు పెట్టాడు. 'తలెత్తుకోలేకపోతున్నాం' అన్న మాట వాడి చెవిన పడి ఉంటే తప్పు మీదే. ఇవాళే పిలిచి మాట్లాడండి.

స్పాల మీద పోలీసు దాడుల వార్తలు చూసి భయపడుతున్నారేమో. అందులో అర్థం ఉంది, పనిచేసే చోటును చూసుకునే చేరాలి. కానీ సంప్రదాయ థాయ్ పద్ధతిలో నేల మీద పరుపు వేసి, వదులు బట్టలతోనే, నూనె లేకుండా చేస్తారు. 2019లో యునెస్కో దాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

నా సందేహం వేరు. ఇప్పుడు ఎక్కడ చూసినా 'స్ట్రెచ్ థెరపిస్ట్' అనే మాటే. అయిదు రోజులు, ముప్ఫై గంటల ప్రాథమిక కోర్సు చేసి, సర్టిఫికెట్ గోడకు తగిలించేస్తున్నారు. ఒక్క సాగదీత తీసుకోండి. మనిషి వెల్లకిలా పడుకుంటాడు. చేసేవాడు మోకాళ్ల మీద కూర్చుని, ఆ మనిషి కాలు తిన్నగా ఎత్తి, మడమను తన భుజానికి ఆనించుకుంటాడు. చేతి బలం వాడడు. అవతలి మనిషి ఊపిరి వదులుతున్నప్పుడు తన ఒంటి బరువుతో కొంచెం ముందుకు వాలుతాడు. తొడ వెనక కండరం లాగుతుంటే ఫర్వాలేదు. కాలి వెంట కరెంటు పాకినట్టు జిల్లుమంటే నరం దగ్గర ఇబ్బంది ఉన్నట్టు. వెంటనే ఆగాలి. ఊపిరి బిగబట్టినా ఆగాలి. ముప్ఫై గంటల్లో ఎలా లాగాలో వస్తుంది, ఎక్కడ ఆపాలో రాదు.

డిస్క్ జారినవాళ్లు, ఎముకలు గుల్లబారిన ముసలివాళ్లు, గర్భిణులు కూడా వస్తారు. కాలి సిరలో రక్తం గడ్డకట్టిందని తెలియక నొక్కితే, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ప్రాణం మీదకొస్తుంది. ఈ మాట చెప్పేటప్పుడు నాకు నిజంగానే టెన్షన్‌గా ఉంటుంది.

అందుకే ముందు ఫిజియోథెరపీ డిగ్రీ చదివించండి. బైపీసీ ఉంది కాబట్టి దారి మూసుకుపోలేదు. కండరాలు, నరాలు, కీళ్లు క్షుణ్ణంగా చదువుతాడు, ఇంటర్న్‌షిప్‌లో రోగుల మధ్య చెయ్యి తిరుగుతుంది. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఫిజియోథెరపీతో సహా వైద్య అనుబంధ వృత్తులన్నిటికీ కలిపి ఒక జాతీయ కమిషన్‌ను కూడా ఇచ్చింది. థాయ్ సాగదీతలు ఆ తర్వాత నేర్చుకుంటే వాడి చేతికి అదనపు పనితనం. ఆ సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని రోగాలకు చికిత్స చేస్తానని మాత్రం చెప్పుకోకూడదు. వాడికింకా చాలా వయసుంది, నాలుగైదేళ్లు ఆలస్యమేమీ కాదు.

ఫీజు కట్టే ముందు అమలాపురంలోనో భీమవరంలోనో ఒక ఫిజియోథెరపిస్టును అడిగి, నెల రోజులు పక్కన నిలబడి చూడనివ్వండి. రోజుకు పదిమంది నొప్పులు విని కూడా మర్నాడు పొద్దున్నే హుషారుగా బస్సెక్కితే, ఈ పని వాడికి సరిపడినట్టే.

ఇంకో సంగతి. బ్యాంకాక్‌లో నేర్పించి అక్కడే ఉద్యోగం ఇప్పిస్తామని ఏజెంట్లు వస్తారు. అక్కడ నేర్చుకోవచ్చు గానీ, థాయ్ మసాజ్ పని ఆ దేశంలో విదేశీయులకు నిషేధించిన వృత్తుల్లో ఒకటి. వాడి పాస్‌పోర్టు మీ బీరువాలోనే ఉంచండి.