ఒక్క లైసెన్సు, ఇంట్లో నాలుగు కంప్యూటర్లు

ప్రశ్న: మా డెస్క్‌టాప్ కోసం పూర్తి ధర చెల్లించి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ 2021 కొన్నాను. దానినే నా లాప్‌టాప్‌లోనూ, హాస్టల్లో చదువుకుంటున్న మా అబ్బాయి లాప్‌టాప్‌లోనూ, ఇంటి దగ్గరే టైలరింగ్ షాపు నడుపుతున్న నా భార్య కంప్యూటర్‌లోనూ వేసుకోవచ్చా? డబ్బిచ్చి కొన్న వస్తువును ఇంట్లో వాడుకుంటే తప్పెలా అవుతుంది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పెట్టెలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ అమ్మకపు పన్ను నిమిత్తం సరుకే అవుతుందని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పిన మాట నిజమే. అయితే ఒక ప్రతి మీ సొంతమైనంత మాత్రాన దానికి మరిన్ని ప్రతులు తీసే హక్కు మీకు రాదు. 1957 నాటి కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలో చేర్చింది. ప్రోగ్రామును మరో యంత్రంలో ఇన్‌స్టాల్ చేయడమంటే ఇంకో ప్రతి తీయడమే కనుక, దానికి లైసెన్సు అనుమతైనా ఉండాలి, చట్టంలోని మినహాయింపైనా ఉండాలి.

లైసెన్సు మీకు అనుకూలంగా లేదు. మీరు కొన్నది ఒకే కంప్యూటరుకు, అదీ వాణిజ్యేతర వాడకానికి ఇచ్చినది. ఇదే పేరుతో 2010లో వచ్చిన వెర్షన్‌ను పెట్టెలో కొంటే ఒకే ఇంట్లోని మూడు కంప్యూటర్లలో వేసుకునే వీలుండేది. ఇంటికొక ప్రతి చాలునన్న నమ్మకం బహుశా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

ఇక మినహాయింపుల సంగతి కాస్త వివరంగా చూడాలి. సెక్షన్ 52(1)(ఎఎ) ప్రకారం, ప్రోగ్రాము ప్రతిని చట్టబద్ధంగా కలిగి ఉన్నవారు దానిని ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికీ, పోతుందేమో, పాడవుతుందేమోనన్న జాగ్రత్తతో బ్యాకప్ ఉంచుకోవడానికీ కాపీ తీసుకోవచ్చు. దీని తరువాత వచ్చే (ఎడి) క్లాజు ఇంకొంత ముందుకు వెళ్లి, తాను స్వయంగా చట్టబద్ధంగా పొందిన ప్రతి నుంచి వాణిజ్యేతరమైన వ్యక్తిగత వాడకానికి కాపీ చేసుకోవడం ఉల్లంఘన కాదంటుంది. మీ లాప్‌టాప్‌లో మీరే వాడుకునే పక్షంలో ఈ క్లాజు మీకు గట్టి వాదనే ఇస్తుంది. అబ్బాయి విషయంలో ఆ బలం ఉండదు. ప్రతిని పొందినది మీరు, వాడేది వేరొకరు. పైగా ఈ క్లాజులో కుటుంబం అన్న ప్రస్తావనే లేదు. మీ భార్య షాపు బిల్లుల విషయంలో చర్చ అక్కర్లేదు, అది వ్యాపారం.

(ఎడి) క్లాజు కాపీరైటు ఉల్లంఘన అన్న ఆరోపణకు సమాధానమే గాని, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీరు చదవకుండానే (ఎవరు చదువుతారు కనుక!) అంగీకరించిన ఒప్పందాన్ని అది రద్దు చేస్తుందనుకుని ధైర్యపడటం మంచిది కాదని నా అభిప్రాయం. రెండో యంత్రంలో కంపెనీ యాక్టివేషన్ (ప్రోగ్రాము పనిచేయడానికి ఇచ్చే అనుమతి) ఇవ్వకపోతే, ఇచ్చి తీరాలని అడిగే హక్కును ఈ సెక్షన్ మీకు ఇవ్వదు. ఆ అడ్డును క్రాక్‌తో, అంటే తాళం విరగ్గొట్టే దొంగ ప్రోగ్రాముతో, దాటడం మరీ ప్రమాదం: ఉల్లంఘన ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే, 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఎ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా కూడా పడవచ్చు.

శిక్షల విషయంలోనూ ఇల్లు, షాపు ఒకటి కావు. ఉల్లంఘన ప్రతి అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి కింద ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. లాభం కోసమో వ్యాపారంలో భాగంగానో వాడలేదని రుజువైతే, కోర్టు జైలుశిక్ష లేకుండా 50 వేలకు మించని జరిమానాతో సరిపెట్టవచ్చు. షాపు కంప్యూటరుకు ఈ వెసులుబాటు దొరకదు. అందుకే మీ నాలుగు యంత్రాలలో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది అదే.

డెస్క్‌టాప్‌లో ఉన్నదాన్ని అలాగే ఉంచండి. మీకూ అబ్బాయికీ ఇదే ఆఫీసు కావాలంటే ఆరుగురి వరకు వాడుకోగల మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీ చందా ఉంది. షాపుకు మాత్రం వ్యాపార లైసెన్సు విడిగా కొని, బిల్లు షాపు పేరిట తీసుకుని దాచండి. అంత ఖర్చు వద్దనుకుంటే, యంత్రాల సంఖ్యపై పరిమితి లేకుండా వ్యాపారానికి సైతం ఉచితంగా వాడుకోగల లిబ్రెఆఫీస్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు.