ట్రిపుల్ ఈ చదివి ఎకనామిక్స్ పరిశోధనకా? బొబ్బిలి తండ్రికి జవాబు

ప్రశ్న: మాది బొబ్బిలి. గ్రోత్ సెంటర్‌లోని ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో ఫర్నేస్ షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేస్తున్నాను. మా ప్లాంటులో ఉక్కు తయారీకి వాడే సిలికో మాంగనీసు తీస్తాం. పెద్దమ్మాయి విశాఖపట్నంలో బీటెక్ ట్రిపుల్ ఈ ఫైనలియర్ చదువుతోంది. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ వచ్చింది. ఇప్పుడేమో ఎంఏ ఎకనామిక్స్ చేసి, దిగుమతి సుంకాలూ కాలుష్య నిబంధనలూ ఫ్యాక్టరీల కరెంటు, బొగ్గు వాడకాన్ని ఎలా మారుస్తాయో పరిశోధన చేస్తానంటోంది. అది నిజంగా ఉద్యోగమేనా? నాలుగేళ్ల ఇంజినీరింగ్ వృథా అవుతుందా? ఎంటెక్, ఎంబీఏ మేలేమో? చిన్నమ్మాయి ఇంటర్‌లో ఉంది, ఇంటి లోను ఇంకా నడుస్తోంది.

జవాబు: అది ఉద్యోగమే. కాకపోతే చెప్పుకోదగ్గ జీతం మొదలవడానికి సాఫ్ట్‌వేర్ కంటే మూడు నాలుగేళ్లు ఎక్కువ పడుతుంది. ఇంజినీరింగ్ వృథా కాదు. ఫ్యాక్టరీ గేటు లోపల ఏం జరుగుతుందో తెలిసి, ఎకనామిక్స్ కూడా వచ్చినవాళ్లు ఈ రంగంలో చాలా తక్కువ. మీ అమ్మాయి ఆ కొద్దిమందిలో ఒకరు కావచ్చు. మీ లోను, చిన్నమ్మాయి చదువు పక్కనపెట్టి ఇచ్చే సలహా మీకు పనికిరాదు కాబట్టి వాటి సంగతీ రాస్తాను.

ముందు ఆ పనేమిటో మీ ప్లాంటు నుంచే చూద్దాం. సిలికో మాంగనీసు టన్నుకు సుమారు 4,000 యూనిట్ల కరెంటు పోతుందని మీకు ఒకరు చెప్పక్కర్లేదు. రేటు పెంచితే యాజమాన్యం ఏం చేస్తుంది? ఫర్నేస్ ఆపుతుందా, వేరే సరుకుకి మారుతుందా, సొంతంగా పవర్ ప్లాంటు పెట్టుకుంటుందా? మీ ఒక్క ప్లాంటులో ఏమైందో మీరు చెప్పగలరు. దేశంలో వేల ఫ్యాక్టరీల్లో ఏమవుతుందో లెక్కతో తేల్చడం ఆర్థికవేత్త పని. భారత ఫ్యాక్టరీల మీదే 2017లో అచ్చయిన ఒక పరిశోధన ఈ ప్రశ్నకి జవాబు వెతికింది. కరెంటు రేటు పెరిగినప్పుడు ఫ్యాక్టరీలు వాడకం తగ్గించడంతో సరిపెట్టుకోవడం లేదు, తక్కువ కరెంటుతో నడిచే తయారీల వైపు జరుగుతున్నాయి, దాంతో వాటి ఎదుగుదల కూడా మందగిస్తోంది అని అందులో తేలింది. రేట్లు చాలాసార్లు రాజకీయంతో, పరిశ్రమల ఒత్తిడితో మారతాయి కాబట్టి వాటిని నేరుగా నమ్మకుండా, బొగ్గు ధర వల్ల పెరిగిన భాగాన్ని మాత్రమే విడదీసి చూశారు. ఇలా కారణాన్ని కాకతాళీయం నుంచి వేరుచేయడం ఎంఏలో, ఆ తర్వాత నేర్చుకునే అసలు విద్య.

వాణిజ్య విధానం సంగతికి వస్తే, ఇప్పుడు అందరి నోటా ఉన్న మాట సీబామ్. యూరోపియన్ యూనియన్ తన సరిహద్దులో సరుకుల మీద వేస్తున్న కార్బన్ భారం అది. ఇనుము-ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు దాని కిందికి వస్తాయి. 2023 అక్టోబరు 1 నుంచి లెక్కలు చెబితే సరిపోయేది. 2026 జనవరి 1 నుంచి వచ్చే సరుకుకి అక్కడి దిగుమతిదారు డబ్బు కట్టాలి. మీకు దగ్గరి విషయం ఒకటి ఇందులో ఉంది. ఫెర్రో మాంగనీసు, ఫెర్రో క్రోమ్ ఆ జాబితాలో ఉన్నాయి, మీరు తీసే సిలికో మాంగనీసు లేదు. పైగా ఉక్కు విభాగంలో ప్రస్తుతానికి ఫ్యాక్టరీ లోపల వెలువడేదే లెక్క. ఆ ఫ్యాక్టరీకి కరెంటు ఇచ్చిన థర్మల్ స్టేషన్ పొగ లెక్కలోకి రాదు. మరి ఫర్నేసులు ఒక సరుకు నుంచి మరో సరుకుకి మారతాయా? యూరప్‌కి వెళ్లే సరుకు వేరే దేశాలకి మళ్లుతుందా? ఇక్కడ కాలుష్యం నిజంగా తగ్గుతుందా, కాగితం మీదేనా? ఫెర్రో మాంగనీసు నుంచి సిలికో మాంగనీసుకి మారాలంటే ఫర్నేసులో ఏమేం మార్చాలో, ఎన్నాళ్లు పడుతుందో మీకు తెలుసు. ఢిల్లీలో కూర్చుని లెక్కలు కట్టేవాళ్లలో చాలామందికి తెలియదు. మీ అమ్మాయి మీ ఇంట్లో పెరిగి ట్రిపుల్ ఈ చదివింది. అందుకే ఇంజినీరింగ్ వృథా కాదని అంత గట్టిగా అన్నాను.

ఇంజినీర్ ప్రశ్నకీ ఆర్థికవేత్త ప్రశ్నకీ తేడా ఎక్కడుందో ఆమెకి ఇప్పుడే తెలియడం మంచిది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నడిపిన పాట్ పథకాన్ని తీసుకోండి. 2012 నుంచి 2015 వరకు సాగిన మొదటి విడతలో 8 రంగాలకు చెందిన 478 యూనిట్లకు ఇంధనం తగ్గించే లక్ష్యాలు పెట్టారు. లక్ష్యం మించి ఆదా చేసినవాళ్లు సర్టిఫికెట్లు అమ్ముకోవచ్చు, చేయలేనివాళ్లు కొనుక్కోవాలి. దాదాపు 67 లక్షల టన్నుల చమురుకి సమానమైన ఇంధనం ఆదా చేయాలన్నది లక్ష్యం. సుమారు 87 లక్షల టన్నులు ఆదా అయిందని ప్రభుత్వం ప్రకటించింది. ఇంధన వాడకాన్ని లెక్కగట్టే ఎనర్జీ ఆడిటర్ పని అక్కడితో అయిపోతుంది. ఆర్థికవేత్త పని అక్కడ మొదలవుతుంది. ఆ పథకం లేకపోతే ఎంత ఆదా అయ్యేది? బొగ్గు ఖర్చు మిగుల్చుకోవడానికి కంపెనీలు తమంతట తామే యంత్రాలు మారుస్తూ ఉంటాయి కదా. సిమెంటులో ఏడాదికి 30,000 టన్నుల చమురుకి సమానంగా ఇంధనం వాడేవాళ్లకే ఆ విడత వర్తించింది. ఆ గీతకి కాస్త పైనున్న ఫ్యాక్టరీలనూ కాస్త కిందున్నవాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దొరకొచ్చు. 2023లో ప్రకటించిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం ఇప్పుడు పాట్ స్థానంలోకి వస్తోంది కాబట్టి ఈ ప్రశ్న వేయగలిగినవాళ్ల అవసరం తగ్గదు.

నిబంధన రాసినంత మాత్రాన పొగ తగ్గదు. గుజరాత్‌లో ఫ్యాక్టరీయే ఆడిటర్‌ని పెట్టుకుని ఫీజు కట్టినన్నాళ్లూ రిపోర్టులు చాలావరకు హద్దుల లోపలే వచ్చేవి. ఆర్థికవేత్త ఎస్తర్ డఫ్లో బృందం ఏ ఫ్యాక్టరీకి ఏ ఆడిటర్ వెళ్లాలో లాటరీతో తేల్చి, ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇప్పించింది. ఆడిటర్లు నిజం రాశారు, ఆ తర్వాత ఫ్యాక్టరీలు కాలుష్యం కూడా తగ్గించాయి. సూరత్‌లో 2019లో మొదలైన ధూళి కాలుష్య అనుమతుల మార్కెట్‌ని (ఫ్యాక్టరీలు ఆ అనుమతుల్ని కొని అమ్ముకునే ఏర్పాటు) కూడా ఇలాగే పరీక్షిస్తే, మార్కెట్‌లో ఉన్న ఫ్యాక్టరీల్లో కాలుష్యం 20 నుంచి 30 శాతం తగ్గినట్టు తేలింది. ఈ పనుల వెనుక పేరున్న ప్రొఫెసర్లతోపాటు ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకి తిరిగి, చిమ్నీ కొలతలు చూసి, డేటా సరిచేసిన ఇరవైల్లో ఉన్న పిల్లలు ఉంటారు. మీ అమ్మాయికి మొదట దొరికేది ఆ రీసెర్చ్ అసోసియేట్ పనే.

మన దగ్గర ఎవరైనా చేయాల్సిన పనొకటి చెప్తాను. 2010 జనవరిలో కేంద్రం తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల్లో కొత్త ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతులు ఆపేసింది. అందులో విశాఖపట్నం, పటాన్‌చెరు-బొల్లారం ఉన్నాయి. ఆ ఆంక్ష వల్ల ఫ్యాక్టరీలు శుభ్రపడ్డాయా, లేక పక్క మండలానికి తరలాయా? ఆ ప్రశ్న మీద మన జిల్లాల పిల్లలే పనిచేయాలని నా కోరిక.

ఇక మీరు ఖర్చులేకుండా చేయగల పరీక్ష ఒకటుంది. ఏ కోచింగ్‌కీ డబ్బు కట్టకముందే ఇది చేయించండి. కేంద్ర గణాంక శాఖ ఏటా నిర్వహించే యాన్యువల్ సర్వే ఆఫ్ ఇండస్ట్రీస్ యూనిట్ స్థాయి డేటా ఉచితంగా దొరుకుతుంది. పేర్లు లేకుండా ఒక్కో ఫ్యాక్టరీ ఎంత కరెంటు కొన్నదో, ఎంత సొంతంగా తయారుచేసుకున్నదో, బొగ్గుకి ఎంత పెట్టిందో, ఎంత సరుకు అమ్మిందో అందులో ఉంటుంది. గణాంకాల లెక్కలకి వాడే ‘ఆర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని పదేళ్ల ఫైళ్లు కలపమనండి. ఆంధ్రప్రదేశ్ ఫెర్రో అల్లాయ్స్ యూనిట్లు సరుకు విలువలో రూపాయికి ఎన్ని యూనిట్లు వాడాయో, ఉమ్మడి రాష్ట్రంలో 2012 ప్రాంతపు పవర్ హాలిడేల్లో అది ఎటు పోయిందో ఒక్క గ్రాఫ్ గీయమనండి. కోడ్‌లు ఏడాదికో రకంగా మారతాయి, కొన్ని ఫ్యాక్టరీల కొలతలు తేడాగా కనిపిస్తాయి, ఇటీవలి ఫైళ్లలో జిల్లా వివరం ఉండదు. అసలు పరిశోధనలో ఎక్కువ కాలం ఈ చికాకుతోనే గడుస్తుంది. నాలుగు నెలలు దానితో కుస్తీపట్టి, ‘నాన్నా, ఈ ఏడాది ఇంత పడిపోయింది, ఎందుకు?’ అని మిమ్మల్ని అడిగిందంటే ఆమె దారి ఆమెకి దొరికినట్టే. మధ్యలో విసుగొచ్చి వదిలేస్తే అదీ మంచిదే. రెండేళ్ల ఎంఏ తర్వాత తెలియాల్సింది ఇప్పుడే తెలిసింది.

చదువు విషయంలో నా మాట కచ్చితంగా ఉంటుంది. మంచి చోట సీటొస్తేనే ఎంఏకి పంపండి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)లో ఎకనామిక్స్ పీజీ కోర్సు ఎంఎస్‌క్యూఈ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ముంబయిలో రిజర్వ్ బ్యాంక్ స్థాపించిన ఐజీఐడీఆర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నా మొదటి ఎంపికలు. పర్యావరణ అర్థశాస్త్రమే ప్రధానంగా కావాలంటే చెన్నైలోని మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ కూడా చూడొచ్చు. ఢిల్లీ, హైదరాబాద్‌లకి సీయూఈటీ పీజీ రాయాలి, ఐఎస్‌ఐకి దాని సొంత పరీక్ష ఉంది. ఇంజినీర్లకు అర్హత నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఈ ఏటి ప్రాస్పెక్టస్ చూసే దరఖాస్తు చేయించండి. గణితంలో ఆమెకి భయం ఉండదు, మూడో సెమిస్టర్ దాకా చదివిన మ్యాథ్స్ చాలావరకు సరిపోతుంది. కొత్తగా నేర్చుకోవాల్సింది మైక్రో ఎకనామిక్స్, డేటా నుంచి కారణాలు తేల్చే ఎకనామెట్రిక్స్. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్ పాఠాలతో మొదలుపెట్టొచ్చు. ఎంఐటీ వాళ్ల ఆన్‌లైన్ మైక్రోమాస్టర్స్‌లో పరీక్ష ఫీజు ఆదాయాన్ని బట్టి ఉంటుంది, దాన్నీ చూడండి. ఎక్కడో సీటు దొరికిందని, ఎకనామెట్రిక్స్ సరిగా చెప్పని కాలేజీలో మాత్రం చేర్చొద్దు. అలాంటి ఎంఏతో రెండేళ్లు పోతాయి, ఆఫరూ పోతుంది.

డబ్బు విషయం. క్యాంపస్ ఆఫర్ ఇప్పుడే వదులుకోనక్కర్లేదు. ఈ ఏడాది ప్రవేశ పరీక్షలు రాయనివ్వండి. పైన చెప్పిన నాలుగైదు చోట్ల సీటొస్తే వెళ్లనివ్వండి. ప్రభుత్వ సంస్థల్లో ఫీజు ఇంజినీరింగ్ ఫీజుతో పోలిస్తే తక్కువే. సీటు రాకపోతే ఉద్యోగంలో చేరి మరుసటి ఏడాది మళ్లీ రాయొచ్చు. ఆ ఏడాది జీతం మీ లోనుకి ఊపిరి, ఆ కోడింగ్ అనుభవం ఆమెకి పెట్టుబడి. చేరేముందు ఆఫర్ లెటర్‌లో బాండ్ నిబంధన ఉందేమో చూసుకోండి.

ఎంఏ తర్వాత టెరి, సీఈఈడబ్ల్యూ, ఎన్‌సీఏఈఆర్, ఇక్రియర్, జె-పాల్ సౌత్ ఏషియా లాంటి సంస్థల్లో రీసెర్చ్ పనులుంటాయి. చాలావరకు ప్రాజెక్టు ఉన్నంత కాలపు కాంట్రాక్టులు, ఎక్కువగా ఢిల్లీలో. మొదటి రెండు మూడేళ్లు ఆమె క్లాస్‌మేట్ల జీతం ఆమె జీతం కంటే ఎక్కువే ఉంటుంది, ఆ పోలిక ఇంట్లో ఎవరూ తేకుండా మీరు చూసుకోవాలి. సర్కారు ఉద్యోగం కావాలనుకుంటే యూపీఎస్సీ నడిపే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది. ఎకనామిక్స్‌లో పీజీ, 21 నుంచి 30 ఏళ్ల వయసు ఉండాలి, మూల వేతనం 56,100తో మొదలవుతుంది. పోస్టులు తక్కువ, పోటీ గట్టిది. పీహెచ్‌డీకి అమెరికా వెళ్తే మంచి యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి. ఎంఎస్‌కి చేసినట్టు పొలం తాకట్టు పెట్టాల్సిన అవసరం ఉండదు. ఇక్కడే చేస్తే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్లకు నెలకు 37,000 ఇస్తున్నారు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. ఈలోగా పెళ్లి మాట వస్తుంది, బంధువులు అడుగుతారు. దాని మీద మీ ఇద్దరూ ముందే ఓ మాట అనుకుంటే తర్వాత ఆమె చదువు మధ్యలో ఆ చర్చ రాదు.

ఇంగ్లిష్‌లో రాయడం గురించి కూడా చెప్పాలి. ఈ పనిలో సగం రాతే. లెక్క సరిగా వచ్చినా రెండు పేజీల్లో స్పష్టంగా చెప్పలేకపోతే ఎవరూ తీసుకోరు. వారానికి ఒక పేజీ రాసి తెలిసిన లెక్చరర్‌కి చూపించడం ఈ నెలలోనే మొదలుపెట్టమనండి.

ఎంబీఏ గురించి అడిగారు. ఆమె ఆసక్తికీ దానికీ సంబంధం లేదు, ఆ ఖర్చు పెట్టొద్దు. ఎంటెక్ పవర్ సిస్టమ్స్ మంచి చదువే, కానీ ఆమె వేస్తున్న ప్రశ్నలు అందులో ఉండవు. డేటా పరీక్షలో మనసు నిలవక, ఫర్నేస్, మోటార్లు, మీటర్ల వైపే లాగితే మాత్రం మరో దారి ఉంది. పరిశ్రమలో మూడేళ్ల అనుభవం తర్వాత బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయొచ్చు. కార్బన్ లెక్కలు చెప్పాల్సిన కంపెనీలు పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ సర్టిఫికెట్‌కి విశాఖలో, హైదరాబాద్‌లో పని దొరుకుతుంది, ఇంటికి దగ్గరగా కూడా ఉంటుంది.